గంటకు చిక్కని పని



ఎక్స్‌ప్రెస్ రైలు చిన్న స్టేషన్లో రెండు నిమిషాలు ఆగుతుంది. ఆ రెండు నిమిషాల్లో ఏమేం జరుగుతాయో మీరూ ఎప్పుడో చూసే ఉంటారు. బోగీ నంబరు వెతుక్కుంటూ పరుగు. దిగేవాళ్లకి దారివ్వడం. ముందు పిల్లల్ని ఎక్కించి, తర్వాత అమ్మమ్మ చెయ్యి పట్టుకుని పైకి తీసుకుని, బియ్యం మూట, ఆవకాయ జాడీ, రెండు సూట్‌కేసులు ఒకదాని వెంట ఒకటి అందుకోవడం. సాగనంపడానికి వచ్చిన మేనమామ కిటికీ దగ్గరికొచ్చి "దిగగానే ఫోన్ చెయ్యండి" అంటాడు. పిల్లాడి చేతిలో నోటు పెడతాడు. "ఇప్పుడెందుకన్నయ్యా" అని వాళ్లమ్మ అంటుంది, "ఉండనీవే" అని ఆయన అంటాడు. అప్పుడు రైలు కదులుతుంది. మొత్తం నూట ఇరవై సెకన్లు.

అదే కుటుంబం ఇంటి దగ్గర బయల్దేరడానికి మూడు గంటలు తీసుకుని ఉంటుంది. మూడు గంటలూ ఏం చేశారని అడిగితే ఎవరూ చెప్పలేరు. "సర్దుకున్నాం" అంటారు.

రోజుకు 24 గంటలన్నా 1440 నిమిషాలన్నా ఒకటే కదా అని మీకు అనిపించవచ్చు. లెక్కకు ఒకటే. నిద్రకు ఏడు గంటలు, అంటే 420 తీసేస్తే 1020 మిగిలాయి, ఉద్యోగానికి 480 పోతే ఇంకా 540 ఉన్నాయి, చూశారా మీ దగ్గర ఎంత సమయముందో అని ఆశ్చర్యపరిచే పుస్తకాలు బజారులో బోలెడున్నాయి. నాకు వాటి మీద పెద్ద నమ్మకం లేదు. జేబులో ఉన్న పది రూపాయల్ని వెయ్యి పైసలని చెప్పుకుంటే ఎవరూ షావుకారు కారు. నిమిషాల లెక్క ఉపయోగం వేరే చోట ఉంది. ఏ పనికి మన చెయ్యి ఎంతసేపు కావాలో, ఏ పని తనంతట తాను ఎంతసేపు జరుగుతుందో, గంటల్లో అనుకున్నంతకాలం ఆ తేడా తెలియదు. నిమిషాల్లోకి దిగితే తెలుస్తుంది.

ఈ సంగతి బాగా తెలిసిన చోటు వంటిల్లు. పప్పుకెంతసేపు పడుతుందంటే అరగంట పైన అంటాం. కందిపప్పు కడిగి కుక్కర్లో పెట్టడానికి మూడు నిమిషాలు. ఆ పైన ఓ పావుగంట పప్పు పని పప్పు చేసుకుంటుంది, మన పని చెవి అటు పడేసి విజిళ్లు లెక్కపెట్టడం. ఆవిరి దిగడానికి పది నిమిషాలు. అప్పుడూ మన అవసరం లేదు. పోపుకి రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలూ మాత్రం కన్ను తిప్పకూడదు, ఆవాలు చిటపటమన్నాక ఎండుమిరపకాయ మాడిపోవడానికి అర నిమిషం చాలు. అంటే అరగంట పప్పులో మనిషి కావలసింది అయిదారు నిమిషాలు. మిగతా ఇరవై అయిదు నిమిషాల్లో కూర తరుగుతారు, చట్నీకి కొబ్బరి తురుముతారు, పాలు పొంగకుండా చూస్తారు, క్యారేజీలు తుడుస్తారు, పిల్లవాడి రెండో సాక్సు మంచం కింద వెతుకుతారు.

ఉదయం ఆరు నుంచి ఎనిమిది దాకా ఏ ఇంట్లోనైనా వంటింటి గుమ్మంలో నిలబడి చూడండి. నాలుగు బర్నర్లు కూడా అక్కర్లేదు, రెండే చాలు. ఏది ముందు పొయ్యి ఎక్కాలి, ఏది దిగగానే ఏది ఎక్కాలి, ఏది చల్లారితే గానీ డబ్బాలో పెట్టకూడదు, స్కూలు బస్సు ఎప్పుడొస్తుంది, వీటన్నిటినీ ఒకదానిలో ఒకటి ఇరికించి నడిపించే బుర్ర అక్కడ పనిచేస్తుంటుంది. సాయంత్రం ఎవరైనా "పొద్దున ఏం చేశావు" అని అడిగితే ఆవిడ చెప్పే మాట, "వంట చేశాను." ఆ ఒక్క ముక్కలో రెండు గంటలు మునిగిపోతాయి.

నిజానికి గంట మన పాత కొలత కూడా కాదు. మనవాళ్లు రోజును అరవై ఘడియలు చేశారు. ఒక్కో ఘడియ 24 నిమిషాలు. ఘడియను మళ్లీ అరవై విఘడియలు చేశారు, ఒక్కోటి 24 సెకన్లు. రెండు ఘడియలు ఒక ముహూర్తం, 48 నిమిషాలు. అడుగున సన్నని బెజ్జం ఉన్న రాగి గిన్నెను నీళ్ల తొట్టిలో వదిలితే, నీరు మెల్లగా ఎక్కి గిన్నె మునిగేసరికి ఒక ఘడియ. మునగగానే కాపలా మనిషి జేగంట మోగించి గిన్నె తీసి మళ్లీ నీళ్ల మీద పెట్టాలి. బాబరు తన ఆత్మకథలో మన దేశపు ఈ ఏర్పాటు గురించి రాసుకున్నాడు. రాత్రి మెలకువ వచ్చినవాడికి మూడు దెబ్బలు వినిపిస్తే అవి ఏ జాములో మూడో ఘడియవో తెలిసేది కాదట. అందుకని ఘడియల దెబ్బల తర్వాత కాస్త ఆగి జాము దెబ్బలు కూడా కొట్టమని ఆజ్ఞ ఇచ్చాడు. నిద్రపట్టని చక్రవర్తి చేసిన సంస్కరణ అన్నమాట.

ఘడియ మీద ఒక చిన్న ముచ్చట. కేబుల్ టీవీ నిబంధనల ప్రకారం గంట కార్యక్రమంలో ప్రకటనలు పన్నెండు నిమిషాలు మించకూడదు. అరగంట సీరియల్‌కి ఆరు నిమిషాలు. తీసేస్తే మిగిలేది 24 నిమిషాలు. సరిగ్గా ఒక ఘడియ. మన అత్తాకోడళ్లు ఏ ప్రణాళికా లేకుండానే పంచాంగం కొలతలోకి వచ్చి కూర్చున్నారు.

నిమిషాన్ని మామూలు మనిషి బతుకులోకి తెచ్చింది మాత్రం గడియారం, రైలు. యూరప్‌లో కూడా గడియారానికి చాలాకాలం ఒకే ముల్లు, గంటల ముల్లు. 1656లో హాలండ్‌కి చెందిన క్రిస్టియాన్ హైగెన్స్ లోలకంతో నడిచే గడియారం తయారుచేశాక గానీ నిమిషాల ముల్లు పెట్టుకోవడానికి అర్థం లేకపోయింది. అంతకుముందు గడియారాలు రోజుకు పావుగంట అటూ ఇటూ తప్పుతుండేవి, వాటికి నిమిషాలెందుకు? తర్వాత రైళ్లొచ్చాయి. మన దేశంలో రైళ్లు చాలా ఏళ్లు మద్రాసు నక్షత్రశాల కాలం మీద నడిచాయి. 1906 జనవరి 1 నుంచి భారత ప్రామాణిక కాలం అమల్లోకి వచ్చింది. మద్రాసు గడియారానికి అది దాదాపు తొమ్మిది నిమిషాలు ముందు. ఆ కాలానికి ఆధారమైన ఎనభై రెండున్నర డిగ్రీల రేఖాంశం మన కాకినాడ, తుని వైపు నుంచే సముద్రంలోకి దిగుతుంది. గడియారం అందరికీ ఒకటే అయినా సూర్యుడికి ఆ నిబంధన లేదు. ఇచ్ఛాపురంలో సూర్యుడు నడినెత్తికి వచ్చిన 28 నిమిషాల తర్వాత గానీ అనంతపురంలో రాడు. ఏ ఊరి పంచాంగం ఆ ఊరికి అంటారే, ఆ మాట వెనక ఇంత లెక్క ఉంది.

సరే, వంటింటి దగ్గరికి మళ్లీ వద్దాం. నేను ఈ ప్రసంగానికి ఒప్పుకున్నది అందుకోసమే.

2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశమంతటా ఒక సర్వే చేసింది. జనం రోజులో దేనికెంత సమయం వెచ్చిస్తున్నారని. ముందురోజు తెల్లవారుజామున నాలుగింటి నుంచి ఆ రోజు తెల్లవారుజామున నాలుగింటి వరకు ఏమేం చేశారో ఇంటింటికీ వెళ్లి అడిగి రాసుకున్నారు. ఆరేళ్లు దాటిన ప్రతివాళ్లనీ లెక్కలోకి తీసుకున్నారు. జీతం లేని ఇంటి పనుల్లో చెయ్యి పెట్టినవాళ్లు ఆడవాళ్లలో నూటికి ఎనభై ఒక్క మంది, మగవాళ్లలో ఇరవై ఆరుగురు. ఆ చెయ్యి పెట్టినవాళ్లలో ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు పనిచేశారు, మగవాళ్లు 97. ఒక్క నిమిషం తక్కువ అయిదు గంటలు ఒకరిది, గంటన్నర దాటి కాస్త మరొకరిది. పిల్లల్నీ, పెద్దల్నీ, జబ్బుపడినవాళ్లనీ చూసుకోవడం ఇందులో లేదు, దానికి వేరే లెక్క.

ఈ అంకెలు పత్రికల్లో వచ్చాయి, చర్చలూ జరిగాయి. నన్ను ఆపింది అంకె కాదు, రాసుకున్న పద్ధతి. రోజును అరగంట గళ్లుగా విడగొట్టారు. ఒక్కో గడిలో మూడు పనుల వరకు రాయవచ్చు. అయితే ఆ పని కనీసం పది నిమిషాలు చేసి ఉండాలి. తప్పు పట్టడానికి చెప్పడం లేదు. లక్షల మందిని అడిగి రాసేటప్పుడు ఎక్కడో ఒక గీత గీయక తప్పదు. కానీ ఆ గీత కింద ఏం పడిపోతాయో ఒకసారి ఆలోచించండి.

గుమ్మంలో పాల ప్యాకెట్లు తీసుకుని కాచడానికి పెట్టడం. మోటారు వెయ్యడం, ట్యాంకు పొర్లకముందే గుర్తుపెట్టుకుని ఆపడం. మామగారికి టిఫినుకు ముందు ఒక మాత్ర, తర్వాత ఇంకో మాత్ర. చెత్తబండి పాట వినబడగానే బకెట్టు పట్టుకుని గేటు దాకా పరుగు. గ్యాసు సిలిండరు తెచ్చిన అబ్బాయికి ఫోన్ వెతికి ఓటీపీ చెప్పడం. చినుకు పడితే డాబా మీద బట్టలు, వడియాలు. ఫిల్టరు దగ్గర సీసాలు నింపి ఫ్రిజ్‌లో పెట్టడం. రాత్రి పాలకు తోడు వెయ్యడం. పడుకునే ముందు గ్యాసు కట్టేశామా, వెనక తలుపు గడియ పెట్టామా అని చూసి రావడం. ఇందులో పది నిమిషాలు పట్టేది ఏదైనా ఉందా? రెండు, మూడు, మహా అయితే అయిదు. ఒక్కొక్కటీ విడిగా చూస్తే పని అనిపించుకోదు. పోనీ చెయ్యకుండా వదిలేద్దామంటే ఇల్లు ఒక్క పూట నడవదు.

ఉద్యోగం గంటల్లో ఉంటుంది. పది నుంచి అయిదు. ఆ గంటలకు జీతం ఉంటుంది, మధ్యలో ఎవరైనా పిలిస్తే "పనిలో ఉన్నాను" అనే హక్కు ఉంటుంది. ఇంటి పని నిమిషాల్లో ముక్కలై రోజంతా చెల్లాచెదరుగా ఉంటుంది. పుస్తకం పట్టుకుని కూర్చున్న ఆడమనిషి రెండో పేజీ తిప్పేలోపు మూడు సార్లు లేస్తుంది. ఆవిడకు తీరిక లేదనడానికి వీల్లేదు, మధ్యాహ్నమంతా ఇంట్లోనే ఉంది కదా అంటారు. నిజమే, మధ్యాహ్నం మూడు గంటల తీరిక ఉంది. ఎనిమిది నిమిషాలొకటి, పదకొండు నిమిషాలొకటి, ఆరు నిమిషాలొకటి ముక్కలుగా ఉంది.

క్షణం తీరిక లేదు, దమ్మిడీ ఆదాయం లేదు అని మనకొక సామెత. పొద్దస్తమానం హడావుడిగా తిరుగుతూ పైసా సంపాదించని మగవాణ్ణి ఎగతాళి చెయ్యడానికి వాడతాం. ఆ సామెతలో ఎగతాళి తీసేసి మళ్లీ వినండి. ఇంటి ఇల్లాలి ఉద్యోగ వివరాలు యథాతథంగా అందులో ఉన్నాయి.

నిమిషాలు లెక్కపెట్టి గొప్ప పని చేసినవాళ్లు లేరా అంటే ఉన్నారు. ఇంగ్లండులో పందొమ్మిదో శతాబ్దపు నవలాకారుడు ఆంథొనీ ట్రాలప్ తపాలా శాఖలో ఉద్యోగి. ఉద్యోగం చేస్తూనే నవలలు మొదలుపెట్టి, జీవితకాలంలో మొత్తం నలభైకి పైగా రాశాడు. తెల్లవారి అయిదున్నరకు బల్ల ముందు కూర్చుని, గడియారం ఎదురుగా పెట్టుకుని, ప్రతి పావుగంటకు 250 మాటల చొప్పున రాసేవాడు. టిఫిను వేళకు లేచి ఆఫీసు పనిలో పడేవాడు. ఆయన పోయాక, 1883లో వచ్చిన ఆత్మకథలో ఈ పద్ధతి బయటపెడితే, సాహిత్యాన్ని చెప్పులు కుట్టినట్టు కుట్టాడని విమర్శకులు ముక్కు విరిచారు. సమయపాలన గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్లు ట్రాలప్ కథను ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తారు.

ఆత్మకథలో ఇంకో మనిషి కూడా ఉన్నాడు. గుర్రాలు చూసుకునే ముసలి నౌకరు. ట్రాలప్‌ను వేకువనే లేపి, వేళకు కాఫీ అందించడం అతని బాధ్యత, అందుకు ఏడాదికి అయిదు పౌన్లు అదనం. అన్నేళ్లలో ఒక్కరోజు కూడా కాఫీ ఆలస్యం కాలేదట. తన విజయానికి అందరికన్నా ఎక్కువ రుణపడింది బహుశా ఇతనికేనేమో అని ట్రాలప్ రాసుకున్నాడు. పెద్దమనసు. అయిదున్నరకు కాఫీ రావాలంటే ఆ ముసలాయన ఎన్నింటికి లేవాలి? పొయ్యి రాజెయ్యాలి, నీళ్లు కాగాలి. ట్రాలప్ పావుగంటలు ఆ ముసలాయన నిద్రలోంచి వచ్చాయి. మన ఇళ్లలో పొద్దున్నే నడకకు వెళ్లేవాళ్లు, యోగా చేసేవాళ్లు, పోటీ పరీక్షలకు చదివేవాళ్లు, కవిత్వం రాసేవాళ్లు, వాళ్లకు ఆ వేళ కాఫీ ఎవరిస్తున్నారో చూసుకోవాలి. ఆ కాఫీ ఇచ్చేవాళ్లకి ఏడాదికి అయిదు పౌన్లు కూడా లేవు.

నిమిషాల లెక్క ఇంకొకరి చేతికి వెళ్తే ఏమవుతుందో కూడా మనకు తెలుసు. అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్ స్టాప్‌వాచీ పట్టుకుని కార్మికుల పక్కన నిలబడి ఏ కదలికకు ఎంతసేపో కొలిచే పద్ధతి తెచ్చాడు. 1911లో దాని మీద పుస్తకం రాశాడు. ఆ వాచీ ఇవాళ డెలివరీ కుర్రాడి ఫోన్‌లోకి వచ్చింది. పది నిమిషాల్లో కొత్తిమీర కట్ట గుమ్మంలోకి రావాలి. మనకు పదకొండో నిమిషంలో వస్తే కొంపలంటుకోవు. ఆ అబ్బాయి మాత్రం వానలో, గుంతల్లో, సిగ్నల్ దగ్గర, ఆ ఒక్క నిమిషం కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు. అదే వాచీ పరీక్ష హాల్లోకీ వచ్చింది. ప్రవేశ పరీక్షలో 160 ప్రశ్నలకు 180 నిమిషాలు. అది సరే, పరీక్ష అన్నాక ఉంటుంది. గేటు దగ్గర "నిమిషం నిబంధన" పేరుతో బస్సు ఆలస్యమైన పిల్లని ఏడాదిపాటు ఇంటికి పంపెయ్యడం నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. గేటు దగ్గర ఏడుస్తున్న పిల్లల ఫొటోలు ఏటా పేపర్లో చూస్తూనే ఉన్నాం.

నిమిషమే అసలైన కొలత అయిన సందర్భం ఒకటుంది, దాన్ని దాటి వెళ్లలేను. పక్షవాతం. ఉన్నట్టుండి మూతి ఒక పక్కకు జారినా, ఒక చెయ్యి పైకి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా, మెదడుకు రక్తం అందడం లేదని అనుమానించాలి. రక్తనాళం పూడుకుపోయి వచ్చే పక్షవాతంలో, వైద్యం అందని ప్రతి నిమిషానికీ మెదడులో సుమారు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని వైద్యులు లెక్కగట్టారు. గడ్డను కరిగించే ఇంజెక్షను మామూలుగా నాలుగున్నర గంటల లోపే పనికొస్తుంది. నాలుగున్నర గంటలా, ఇంకేం, బోలెడుంది అనుకుంటాం. ఆ అనుకోవడంలోనే అయిపోతుంది. కాసేపు పడుకుంటే సర్దుకుంటుందేమో అని ఒకరు, కాస్త నిమ్మరసం ఇవ్వండి అని ఒకరు, పెద్దవాడు ఆఫీసు నుంచి రానీ అని ఒకరు. ఆస్పత్రికి చేరాక స్కాను తియ్యాలి, అదీ ఆ సమయంలోంచే పోవాలి. 2005లో హైదరాబాదులో మొదలైన 108 ఇప్పుడు మనందరికీ నోటికి వచ్చిన నంబరు. ఫోన్ చెయ్యడంతో పాటు ఇంకో పని చెయ్యండి, గడియారం చూడండి. "మనిషి చివరిసారి మామూలుగా ఉన్నది ఎన్నింటికి?" అన్నది డాక్టరు అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి. "పొద్దున బాగానే ఉన్నారండీ" అంటే ఆయనకు పనికిరాదు. "ఎనిమిదీ పదికి కాఫీ తాగుతూ నాతో మాట్లాడారు" అంటే పనికొస్తుంది. ఇంజెక్షను ఇవ్వాలా వద్దా అన్నది చాలావరకు ఆ జవాబు మీద కూడా ఆధారపడి ఉంటుంది.

ఇక నిత్యం జరిగే సంగతి. ఇంటి పనిని గంటల్లో పంచుకుందామంటే గొడవే. "నాకెక్కడుంది గంట తీరిక?" అంటారు ఇంటాయన. నిజమే, ఆయనకు లేదు. ఆ పనుల్లో ఏదీ గంట అడగడం లేదు కూడా. ఒక ఆదివారం కాగితం ఒకటి ఫ్రిజ్ మీద అంటించండి. పది నిమిషాల లోపు పట్టే పనులన్నీ రాయండి, ఏ పని, ఎవరు చేశారు, ఎన్ని నిమిషాలు. రాసే బాధ్యత మాత్రం రోజూ ఆ పనులు చేసే మనిషి మీద పెట్టకండి, అది ఇంకో పని అవుతుంది. మధ్యాహ్నానికే కాగితం నిండిపోవచ్చు. అందులో సీసాలు నింపడం నాలుగు నిమిషాలు, క్యారేజీలు తోమడం ఆరు, బట్టలు మడతపెట్టడం తొమ్మిది, ఇలా ఏరుకుంటే ఇంట్లో ప్రతివాళ్లకీ చేతనైనవి దొరుకుతాయి. పదో తరగతి పిల్లవాడికి కూడా రెండు నిమిషాల పని చదువుకు అడ్డు రాదు. వస్తుందని వాడంటాడు. వాడు ఫోన్ చూసే నిమిషాలు ఆ ఫోనే లెక్కగట్టి పెడుతుంది, కావాలంటే చూపించండి.

ఒకటి మాత్రం ఆ కాగితం మీదికి రాదు. మినప్పప్పు నానబెట్టడానికి మూడు నిమిషాలు. కానీ రేపు ఇడ్లీ అనుకోవాలి, మధ్యాహ్నమే నానబెడితే గానీ సాయంత్రానికి రుబ్బలేం, రుబ్బింది రాత్రంతా పులవాలి, రేపు శనివారం, అత్తగారు ఒంటిపూట, టిఫినే తింటారు. ఇదంతా గుర్తుపెట్టుకోవడానికి ఎన్ని నిమిషాలు వేస్తారు? ఆవిడ బస్సులో నిలబడి ఉన్నప్పుడు, ఆఫీసులో ఫైలు తిరగేస్తున్నప్పుడు, ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నప్పుడు కూడా ఆ మినప్పప్పు బుర్రలో ఒక మూల నానుతూనే ఉంటుంది. "చెబితే నేను నానబెట్టనా?" అంటారు ఇంటాయన, ఎంతో మంచిగానే. చెప్పాలంటే ముందు గుర్తుండాలి కదండీ. అందుకని పప్పు నానబెట్టే పని తన వంతుకు తీసుకున్నవారు, రేపు టిఫినేమిటో ఆలోచించే పనీ, డబ్బాలో పప్పుందో లేదో చూసుకునే పనీ కలిపే తీసుకుంటే మంచిది. డబ్బా ఖాళీ అయితే సంచి పట్టుకుని కొట్టుకు వెళ్లిరావడానికి ఎంత లేదన్నా పావుగంట పడుతుంది. అది మాత్రం సర్వేలోకి ఎక్కుతుంది.